చివర వేసిన తువ్వాల

ఈ సంగతి రాసిపెట్టకపోతే ఎవరి కొంపా మునగదు. అయినా రాస్తున్నాను. ఆ వెబ్ పేజీ ఇప్పుడు లోకంలో ఎక్కడా లేదు, అది నడవడానికి సాయపడినవాళ్లకు నేను అప్పట్లో ఒక్క మంచి మాటైనా చెప్పలేదు. ఆ రోజుల్లో, అంటే తెలంగాణ రాష్ట్రం ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అని అందరం టీవీల ముందు నిలబడిన రోజుల్లో, మా వైపు మనుషులు పొద్దున లేచి అడిగే మొదటి ప్రశ్న “ఇయ్యాల బస్సులున్నయా?” అన్నదే. ఒకరోజు బంద్, ఒకరోజు రాస్తారోకో, ఏమీ లేని రోజున పుకారు.

నేను దంతాలపల్లి వాణ్ణి. డిగ్రీ మధ్యలో ఆగిపోతే మిగతా చదువు జనగామ గ్రంథాలయంలో సొంతంగా పూర్తి చేశానని చెప్పుకుని తిరిగేవాణ్ణి. కంప్యూటర్ పుస్తకాలు కూడా ముందుమాట నుంచి చివరి కృతజ్ఞతల దాకా ఒక్క పేజీ వదలకుండా చదివేవాణ్ణి. (ఈ గొప్పే తర్వాత మెడకు చుట్టుకుంది.) మేమంతా సేటన్న అని పిలిచే ఒకాయనకు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలో మూడు నెట్ సెంటర్లుండేవి. నన్ను భూపాలపల్లికి పంపాడు. గనుల ఊరు. సగంమంది షిఫ్టులో ఉంటారు, మిగతా సగం షిఫ్టు దిగి నిద్రలో ఉంటారు. పరిచయం చేసుకుందామంటే మెలకువగా ఉన్న మనిషి దొరకడు. వచ్చినవాళ్లు హాల్ టికెట్ తీసుకుని వెళ్లిపోయేవాళ్లు. సాయంత్రం పూట నాతో మాట్లాడేది ప్రింటరొక్కటే, అదీ కాగితం ఇరుక్కున్నప్పుడు.

అందుకే ఆ పేజీ తయారు చేశాను. సేటన్నతో మాత్రం గిరాకీ పెరుగుతుందని చెప్పాను. పేజీలో మూడు ఊర్లకు మూడు డబ్బాలు. ఏ ఊరి సెంటరువాళ్లు ఆ ఊరి బస్సుల కబురు రాస్తే మిగతా రెండు ఊర్లలో కనిపిస్తుంది. జనగామలో కూర్చునేవాణ్ణి రేడియో అనేవాళ్లం, వాగుడు ఆపడు కనుక. వాడు “రైలు గేటు కాడ ధర్నా, గంట సేపు ఎవలూ రావద్దు” అని రాసి, కింద “ఏం తిన్నవ్ బే?” అని అడిగేవాడు. నేను “ఉప్మా” అని రాసేవాణ్ణి. ఇంతే. కానీ ఆ “ఉప్మా” రాయడం కోసం నేను పొద్దంతా కాచుకుని ఉండేవాణ్ణి.

మూడో డబ్బా మానుకోట అక్కది. మహబూబాబాద్‌ను మావాళ్లు మానుకోట అనే అంటారు. మరిపెడ దగ్గరి తండా నుంచి వచ్చి ఆ సెంటర్ ఒక్కతే నడిపేది. అక్కడా ఆమెకు ఇంటి భాషలో పలకరించేవాళ్లు లేరు. ఆ సెంటర్లో మాత్రం మా పేజీ తెరుచుకోలేదు. కంప్యూటర్లు పాతవి, బ్రౌజర్లు అంతకంటే పాతవి. గుండ్రం ఒకటి తిరుగుతూనే ఉండేది.

“తమ్మీ, గుండ్రం తిరుగుతనే ఉన్నది. ఏం జెయ్యమంటవ్?” అని ఫోన్ చేసింది.

“జర ఓపిక పట్టక్కా. అది జవాబు కోసం ఆగింది. జవాబు రాంగనే అదే సూపిస్తది” అన్నాను, పుస్తకంలో చదివిన ధీమాతో.

మధ్యాహ్నం దాటాక మళ్లీ చేసింది. “ఓపిక పట్టుమంటివి, పట్టిన. నా ఎనక ఐదారుగురు ప్యాసింజర్లు గూడ పట్టిండ్రు. అన్నం గూడ తినలే. ఇంకెంత పట్టాలె?”

సంగతి ఏమిటంటే, జవాబు ఆలస్యంగా వచ్చే పనికి కొత్త బ్రౌజర్లు ఒక పద్ధతి అప్పుడప్పుడే నేర్చుకుంటున్నాయి. దాని పేరు ప్రామిస్. బస్సు కిటికీలోంచి తువ్వాల వేసి సీటు ఆపుకోవడం లాంటిదే. మనిషి తర్వాత వస్తాడు, ఈలోపు మిగతా పనులు ఆగవు. పాత బ్రౌజర్లకు ఈ మర్యాద తెలియదు. వాటికి నేర్పడానికి ఎవరో పుణ్యాత్ములు ఒక చిన్న లైబ్రరీ రాసి ఉచితంగా పెట్టారు. (పుస్తకాల లైబ్రరీ కాదు, ఎవరైనా తెచ్చి వాడుకోగల కోడ్.) నేను దాన్ని తెచ్చి పేజీలో పెట్టాను. అయినా మానుకోటలో గుండ్రం తిరుగుతూనే ఉంది. రేడియో నన్ను గుండ్రమన్న అని పిలవడం మొదలుపెట్టాడు.

సేటన్న ఫోన్ చేశాడు. “సూడు బిడ్డా, సమ్మక్క జాతర దగ్గరికొచ్చె. బస్సులన్నీ మేడారం దిక్కే పోతయి, జనం ఆగమైతరు. జాతర లోపల మూడు ఊర్లల్ల నడిస్తే ఉంచు. లేకుంటె తీసిపారెయ్. ఒక్క ఫోన్ జేస్తె అయిపోయే దానికి గింత లొల్లి ఎందుకు?”

ఆయనకు అది బస్సుల పేజీ. అది పోతే నా ఉప్మా గురించి అడిగే దిక్కు ఉండదని ఆయనకు ఎట్లా చెప్పను?

స్వయంగా చూద్దామని మర్నాడే మానుకోటకు బయలుదేరాను. భూపాలపల్లి బస్టాండులో హన్మకొండ బస్సు రాగానే జనం కిటికీల మీద పడ్డారు. నేను చదువుతున్న పేరా పూర్తి చేసి, పుస్తకం మూసి, అప్పుడు గురిచూసి తువ్వాల విసిరాను. అది కిటికీ పక్కన అప్పటికే కూర్చున్న ఒక అవ్వ ఒడిలో పడింది.

“ఓ కొడుకా, నేను కూసున్నంక ఏస్తివి! ఇప్పుడు నన్ను లేపుతవా ఏంది?”

“లేదవ్వా, తప్పయింది.”

“తప్పైతె ఐంది గని తువ్వాల మంచిగున్నది. ఎండ కొడుతున్నది, కప్పుకుంట తీయ్.”

కప్పుకుంది. నేను కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. పరకాల దాటేదాకా నా తువ్వాలను ఆమె నెత్తి మీద చూస్తూ నిలబడితే అప్పుడు వెలిగింది. నేను ఆ లైబ్రరీని పేజీలో అన్నిటికంటే చివర పెట్టాను! నేను చదివిన ప్రతి పుస్తకంలోనూ అరువు తెచ్చుకున్నవాటి సంగతి చివరి పేజీలోనే ఉంటుంది మరి. పరాయివాళ్ల కోడ్ కాబట్టి గౌరవంగా, కృతజ్ఞతలు పెట్టినట్టు, కింద పెట్టాను. బ్రౌజరేమో పైనుంచి కిందికి పని చేసుకుంటూ వస్తుంది. పైన నా కోడ్ ప్రామిస్ కోసం వెతికి, దొరక్క, అక్కడే చతికిలపడుతోంది. సీట్లు నిండాక తువ్వాల వేసినట్టు.

హన్మకొండలో బస్సు మారి మానుకోట చేరి, అక్క పక్కన కూర్చుని, ఆ ఒక్క వరుసను కిందినుంచి పైకి జరిపాను. గుండ్రం ఆగింది. మూడు డబ్బాలూ వచ్చాయి. అక్క కాసేపు చూసి, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొట్టింది: “బస్సులున్నయి. నేను గూడ ఉన్న.”

వెంటనే జనగామ డబ్బాలో రేడియో పలికాడు: “అక్కా! అన్నం తిన్నవా?”

అక్క నవ్వింది. తర్వాత తెర మీద వేలు పెట్టి, “నీ డబ్బా ఖాళీగున్నదేంది తమ్మీ?” అంది.

“భూపాలపల్లిల నేను తప్ప రాసేటోళ్లు ఎవలున్నరక్కా? నేను ఈడున్న గదా.”

ఆమె టిఫిన్ డబ్బా తెరిచి, జొన్నరొట్టె సగం విరిచి నా చేతిలో పెట్టింది.

జాతర బాగా జరిగింది, పేజీ బాగా నడిచింది. ఎండాకాలం పోతూ పోతూ రాష్ట్రం కూడా వచ్చింది. ఆ రోజు భూపాలపల్లిలో షిఫ్టు దిగినవాళ్లు కూడా నిద్రపోలేదు. ఎవరో తెలియనాయన నా ముఖానికి గులాల్ పూసి, నన్ను గట్టిగా కౌగిలించుకుని, “జై తెలంగాణ, తమ్మీ!” అని వెళ్లిపోయాడు. ఇన్నాళ్లకు ఒక మనిషి మెలకువగా దొరికితే, పేరు అడిగేలోపే గుంపులో కలిసిపోయాడు. ఆ తర్వాత బస్సులు రోజూ నడిచాయి. మేము కోరుకున్నదీ అదే. బస్సులున్నాయా అని అడిగేవాళ్లు లేకుండా పోయారు. నేను మాత్రం కొన్నాళ్లు రోజూ పొద్దున “బస్సులున్నయి” అని రాస్తూనే ఉన్నాను, అదేదో పెద్ద వార్త అయినట్టు. రేడియో వేరే కొలువుకు పోయాడు. అక్క పెళ్లయి వెళ్లింది. ఒకరోజు సేటన్న, పాపం మెల్లగానే, “ఇగ తీసెయ్ బిడ్డా” అన్నాడు.

ఇప్పుడు కృతజ్ఞతలు. (పేజీలో తప్పు గానీ, పుస్తకంలో వీటికి చోటు చివరనే.) ఆర్నెల్లు ఓపిక పట్టిన సేటన్నకు. నా ఉప్మాను రోజూ అడిగి తెలుసుకున్న రేడియోకు. సగం రొట్టె ఇచ్చిన మానుకోట అక్కకు. గులాల్ పూసిన, పేరు తెలియని అన్నకు. బ్రౌజర్‌కు తెలియకపోతే నేర్పి, తెలిస్తే చప్పుడు చేయకుండా పక్కకు తప్పుకునే ఆ చిన్న లైబ్రరీకి, దాన్ని రాసినవాళ్లకు. తువ్వాల కప్పుకుని హన్మకొండలో అట్లాగే దిగిపోయిన అవ్వకు. అవ్వా, అది నువ్వే ఉంచుకో. నేను ఇప్పటికీ బస్సు వచ్చాకే పుస్తకం మూస్తాను, ఎక్కువగా నిలబడే పోతాను.