చీరల దొంతరలో సున్నపురాయి

భానుమూర్తి మాస్టారికి ఒకటే జబ్బు. దొంతర కనిపిస్తే పక్కనుంచి నెట్టకుండా ఉండలేరు. ఆయన హైస్కూల్లో సైన్సు చెప్పేవారు. జగ్గయ్యపేట అవతల కృష్ణ ఒడ్డున ఏదో సున్నపురాతి కొండచరియ చూసొచ్చిన నాటినుంచీ ఇదే వరస. హోటల్లో ఇడ్లీలు, పెళ్లిళ్లలో విస్తళ్లు, ఏవీ నిలబడలేదు.

నా ఖర్మ కొద్దీ నేను బెజవాడలో పాండురంగయ్యగారి చీరల కొట్లో గుమస్తాని. సాయంత్రమైతే మాస్టారు అక్కడికే చేరేవారు.

"చూడవయ్యా బసవపున్నయ్యా, ఆ చరియలో రాయంతా పొరలు పొరలు. అడుగుది పాతది, పైది కొత్తది. అంతేనా?"

"అంతేనండీ. నెట్టకండి, మీకు దణ్ణం పెడతాను."

"అక్కడ అలా లేదయ్యా! భూమి పక్కనుంచి ఒత్తింది. రాయి విరిగి, అడుగు పొర ఇదుగో, ఇలా ఏటవాలుగా జారి, కొత్తదాని నెత్తికెక్కి కూర్చుంది!"

అడుగు చీరలు పైన, పై చీరలు నా ఒళ్లో. మళ్లీ మడతలు పెట్టలేక నా నడుం విరిగేది. సన్నాసుల్లో కలిసిపోదామని ఎన్నిసార్లు అనుకున్నానో!

అది యుద్ధకాలం. నూలు దొరకడం గగనమైపోయింది. చీర అమ్ముడైన నేతవాళ్లకే పాండురంగయ్యగారు మళ్లీ నూలిచ్చేవారు. మొగుడు పోయిన చౌడేశ్వరి ఒక్కతే మగ్గం మీద బతుకుతోంది. నేత పట్టులా ఉండేది. రంగులు దొరక్క చీరలు మాత్రం వెలిసినట్టుండేవి. అందుకని అవెప్పుడూ అడుగునే.

"మగ్గం ఖాళీగా ఉందండీ బాబుగారూ" అంది ఒకనాడు.

"నీ చీర కదిలితేగా అమ్మా! శనివారం దాకా చూస్తాను. ఆపైన నీ నూలు ఇంకొకళ్లకే."

ఆమె మొహం చూడలేకపోయాను. మూల కూర్చుని అంతా విన్న మాస్టారు గొడుగు తీసుకుని లేచి వెళ్లిపోయారు.

శనివారం కొట్టు నిండా ఆడవాళ్లు. సరిగ్గా అప్పుడే దిగారు మాస్టారు.

"అమ్మా, మీరెప్పుడైనా సున్నపురాతి చరియ చూశారా?"

అయిపోయింది, నా బతుకింతే అనుకున్నాను. దొంతర కూలింది. చౌడేశ్వరి చీరలు జారి అందరి ముందూ పరుచుకున్నాయి. బేరానికొచ్చిన హైమవతిగారు ఒకటి ఎత్తి బుగ్గకానించుకున్నారు.

"ఎంత మెత్తగా ఉందో! ఇన్నాళ్లూ ఎక్కడ దాచావయ్యా?"

పొద్దుగూకేలోగా చీరలన్నీ వెళ్లిపోయాయి. చౌడేశ్వరింటికి నూలు వెళ్లింది. అప్పుడు తట్టింది నాకు. దారిలో ఉన్న దొంతరలు వేటినీ ముట్టుకోకుండా మాస్టారు తిన్నగా ఆమె చీరలున్న దొంతర దగ్గరికే వెళ్లారు.

అడిగితే, "చీరల సంగతి నాకేం తెలుసయ్యా? నేను చెప్పింది రాళ్ల గురించి" అని విసుక్కున్నారు.

మళ్లీ ఆమె కొత్త చీరలొచ్చాయి. పాండురంగయ్యగారు అలవాటుగా అడుగునే పెట్టించారు. వీధిలో మాస్టారు పోతుంటే నేనే గుమ్మంలోకి పరిగెత్తాను.

"మాస్టారూ! ఆ సున్నపురాయి సంగతి నాకింకా అర్థం కాలేదండీ. ఒక్కసారి లోపలికొచ్చి చెబుదురూ!"