పొదగని గుడ్ల మీద బొగ్గు గుర్తు

దయ్యాలంటే నాకు ఎప్పుడూ నవ్వే. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటేడు నందిగామ పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేరాను. కంటితో చూసిందే నమ్మేవాణ్ని. ఇది కూడా కంటితో చూసిందే, అదే వచ్చిన చిక్కు.

పెనుగంచిప్రోలు మంగమ్మ కోళ్లు రెండు రోజుల్లో కుప్పలుగా చచ్చాయి. మరిది కోటయ్య నూకల్లో విషం కలిపాడని ఆవిడ పంచాయితీ పెట్టింది. సోమవారంలోగా నిజం తేలకపోతే కోటయ్యను వెలేస్తామన్నారు పెద్దలు.

పాపం, కోటయ్య మా ఆసుపత్రి అరుగు వదల్లేదు. "నేనా పని చెయ్యలేదండీ. మీరే తేల్చాల" అన్నాడు.

అది కోళ్లను గుంపులుగా చంపే అంటురోగం, కొక్కెర తెగులేమోనని డాక్టరుగారి అనుమానం. పది రోజులు పొదిగిన ఆరు గుడ్లు జి.కొండూరు నుంచి తెప్పించాం. చచ్చిన కోడి మెదడు నూరి తీసిన రసం మూడింటికి సూదితో ఎక్కించాం. మిగతా మూడింటికి ఉప్పునీళ్లు. సూది బెజ్జాలకు మైనం అంటించి, కిరసనాయిలు దీపంతో వేడెక్కే పెట్టెలో పెట్టాం. తెగులే అయితే రసం ఎక్కించిన గుడ్లలో పిల్లలు చస్తాయి.

ఏ గుడ్డు ఏదో పెన్సిలుతో నేనే రాశాను. మర్నాడు సాయంత్రం గుడ్లు తిప్పుతూ, మురిగ్గా ఉన్నాయని తడిగుడ్డతో తుడిచేశాను. పొదగబెట్టే గుడ్లను మా అమ్మ అలాగే తుడిచేది, ఆ అలవాటు. రాత మొత్తం పోయింది. డాక్టరుగారికి చెప్పే ధైర్యం లేక, గదికి తాళం వేసి చెవి మొలతాడుకు కట్టుకున్నాను.

పొద్దున తాళం తీస్తే మూడు గుడ్ల మీద బొగ్గుతో గుర్తు ఉంది. రెండు చుక్కలు, కింద ఒక గీత. దీపానికి అడ్డంపెట్టి చూశాను. అప్పటికింకా ఆరింటిలోనూ పిల్లలు కదులుతున్నాయి.

రెండు రోజుల్లో ఆ మూడే చచ్చాయి. వాటిలోని నీళ్లు కలిపితే కోడి రక్తం విరిగిన పాలలా పలుకులు కట్టింది. బతికినవాటి నీళ్లకు కట్టలేదు. అలా కట్టడమే ఆ తెగులుకు ఆనవాలు. కొక్కెర తెగులే, అందులో నాకు ఇప్పటికీ అనుమానం లేదు. తుడిచేసిన సంగతి అప్పుడు చెప్పి తిట్లు తిన్నాను.

ఆదివారం మంగమ్మ వచ్చింది. మా మాట నమ్మకపోతే పెంకులు తెచ్చి చూపించాను. ఆవిడ ఒక పెంకు తీసుకుని గుర్తును వేలితో తడిమింది.

"ఇది మా అత్త గుర్తండీ. పొదగని గుడ్డుకి, పిల్ల లేవదనుకున్నదానికి, ఇట్టాగే పెట్టేది."

ఆ అత్త, అంటే కోటయ్య తల్లి, పోయి మూడేళ్లయిందట. మంగమ్మ ఏడుస్తూ అరుగు మీదికెళ్లి కోటయ్యకు చేతులు జోడించింది.

"ఊరుకో వదినా. అమ్మ చెప్పిందిగా" అన్నాడతను.

తెగులు ఎలా తేలిందో ఎవరడిగినా చెప్పగలను. ఆ గుర్తు ఎవరు పెట్టారో నాకు తెలియదు. ఆ గదిలో బొగ్గన్నదే లేదు. తాళం చెవి రాత్రంతా నా మొలతాడుకే ఉంది.