వేసవి మొదటి రోజు తూకం

నా చిన్నప్పుడు మార్టూరు పక్కన మా ఊళ్లో సొంత కాటా ఉన్న ఇళ్లు రెండే. అందులో మాదొకటి. బస్తా నిలబెట్టడానికి కింద ఇనప పలక, పైన గీతలు గీసిన ఇత్తడి కమ్మీ, ఆ కమ్మీ మీద జరిపే చిన్న గుండు. మిరపకాయల కాలంలో ఊళ్లో సగం మంది మా వాకిట్లోనే ఉండేవాళ్లు. మిరపకాయలు తూచేవాళ్లు, పత్తి తూచేవాళ్లు, ఒకసారి ఎవరిదో మేకపోతుని కూడా తూచారు. మనుషుల్ని మాత్రం, అందులోనూ పిల్లల్ని, మా నాయనమ్మ తూచనిచ్చేది కాదు. తూచిన బిడ్డకి దిష్టి తగిలి చిక్కిపోతుందని ఆమె నమ్మకం. ఆడుకుంటూ ఎవరైనా పలక మీద కాలు పెడితే వంటింట్లోంచే కేక పడేది. గోడ అవతలి నుంచి ఆమెకెలా తెలిసేదో నాకిప్పటికీ అంతుపట్టదు.

నేను అయిదో తరగతి అయిన ఏడు గురుకులం పరీక్ష రాశాను, సీటొచ్చింది. నేనేమంత చదువుల పిచ్చిదాన్ని కాదు. హాస్టల్‌కి వెళితే నాయనమ్మ కేకలు వినక్కర్లేదని, మూత మీద నా పేరు రాసిన రేకుపెట్టె ఒకటి నాకుంటుందని ఆశ. రాత్రీ పగలూ ఆ పెట్టె గురించే ఆలోచించేదాన్ని. ఆ సంబరం తీరకముందే టైఫాయిడ్ వచ్చి మూడు వారాలు మంచాన పడ్డాను. జ్వరం తగ్గాక కూడా నోరు చేదు. అమ్మ జావ కాచి తెస్తే రెండు గుక్కలు తాగి, మిగతాది ఆమె చూడకుండా పెరట్లో పోసేదాన్ని. డాక్టరుగారు నాన్నతో ఒకటే మాట అన్నారు. ఇరవై అయిదు కిలోలైనా లేకుండా ఈ పిల్లని హాస్టల్‌కి పంపొద్దు, అక్కడి తిండికీ నీళ్లకీ తట్టుకోలేదు అని. గురుకులం వాళ్ల కాగితం మీద నాన్న సంతకం పెట్టి మే మొదటి వారంలో ఇచ్చి రావాలి. బరువుంటే సంతకం, లేకపోతే లేదు అన్నాడు నాన్న. ఆయన ఒకసారి అన్నాడంటే ఇక అంతే.

ఆ రోజుల్లో మా మేడ మీద గదిలో ఒక చైనా ఆవిడ అద్దెకుండేది. మార్టూరులో ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌కి చైనా నుంచి కొత్త మిషన్లు వచ్చాయి. వాటిని బిగించే ఫిట్టర్ల మాటలు ఓనరుకి, ఓనరు మాటలు ఫిట్టర్లకి ఇంగ్లీషులో చెప్పడం ఆవిడ పని. మగవాళ్లు యూనిట్‌లోనే పడుకునేవాళ్లు, ఈవిడని మా ఇంట్లో పెట్టారు. ముప్పై ఏళ్లుంటాయేమో. మేమంతా మేడ మీద అక్క అనేవాళ్లం. వచ్చిన మూడు నెలల్లో ఆవిడకి కొంచెం తెలుగు అబ్బింది, అదీ ఎక్కువ మా నాయనమ్మ దగ్గర నేర్చుకున్నదే. అందుకని అన్నం తిన్నావా అని అడిగినా కోప్పడినట్టే ఉండేది.

ఒకరోజు అరుగు మీద కూర్చుని మాటల్లో అక్క తమ దేశపు లెక్క చెప్పింది. ఏడాదిని ఇరవై నాలుగు ముక్కలు చేస్తారట. పక్షానికొక పేరు. గింజ వేసే పక్షం, పురుగులు నిద్రలేచే పక్షం, మంచు పడే పక్షం. పత్తిలోంచి గింజలు తీస్తున్న నాయనమ్మ చెయ్యి ఆగింది. మనకి ఇరవై ఏడు కార్తెలుంటే వీళ్లకి ఇరవై నాలుగేనా అని ముందు కొంచెం జాలిపడింది. తరవాత ఇద్దరూ వేళ్లు మడుచుకుంటూ కూర్చున్నారు. ఇప్పుడు మనకి భరణి కార్తె అని ఈవిడ, మాకు ఇంకో అయిదు రోజుల్లో వేసవి మొదలు అని ఆవిడ. నాయనమ్మ పెద్దగా నవ్వింది. ఎండలు మొదలై రెండు నెలలై మాడిపోతుంటే ఈ పిల్లకి వేసవి వచ్చే వారం వస్తుందట అని వీధిలో పోయే వాళ్లందరికీ చెప్పింది. కానీ నెలల్ని కాకుండా పొలాన్ని బట్టి రోజులు లెక్కపెట్టే మనుషులు ఇంకో దేశంలో కూడా ఉన్నారని ఆ పూట నుంచే అక్కంటే ఆమెకి గురి కుదిరింది.

ఆ వేసవి మొదటి రోజున అక్క వాళ్ల ఊళ్లో పిల్లల్ని తూస్తారట. పట్టుపురుగులు పెంచే ఊరు వాళ్లది. పెద్ద తూకం కర్రని దూలానికి వేలాడగట్టి, కొక్కేనికి బుట్ట తగిలించి, పిల్లని అందులో కూర్చోబెడతారు. గుండుని ఎప్పుడూ తక్కువ నుంచి ఎక్కువకే జరపాలి, వెనక్కి లాగకూడదు. తూచేటప్పుడు మంచి మాట ఒకటి అనాలి. అలా తూచిన బిడ్డ ఎండలకి చిక్కిపోదని వాళ్ల నమ్మకం. మా నాయనమ్మ నమ్మకానికి సరిగ్గా తిరగేసినట్టుంది. ఈ ఏడు నేను మా అమ్మాయి దగ్గర లేను, మీ పిల్లని తూస్తాను అని అక్క అడిగింది. అక్కకి ఏడేళ్ల కూతురుందని, అమ్మమ్మ దగ్గర పెరుగుతోందని మాకప్పుడే తెలిసింది. నాయనమ్మ ముందు వద్దంది. చివరికి, తూచగానే ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేస్తానంటేనే ఒప్పుకుంటానంది. నాన్న ఇదే అదనుగా, ఆ రోజు కాటా మీద ఎంతుంటే అదే లెక్క అన్నాడు.

అప్పటి నుంచి నాకు గుండెల్లో రాయి పడింది. బరువు లేనని నా గౌనే చెబుతోంది, భుజాల మీంచి జారిపోతోంది. పైకి మాత్రం హుషారుగా తిరిగాను, ఎందుకంటే ఆ అయిదు రోజులూ అక్క మాకు పని నేర్పింది. తూచాక పిల్లల మెడలో వేసే ఉడికించిన గుడ్డు పట్టేలా రంగుదారాలతో చిన్న వల అల్లాలి. ఎనిమిది పోగులు తీసి ఒక మేకుకి కట్టి, రెండేసి పోగులు కలిపి ముడి, కింద వరసలో పక్క పోగుతో ముడి, అలా గుండ్రంగా. అక్క నోటితో చెప్పేది కాదు. నా వేళ్ల మీద తన వేళ్లు వేసి ముడి వేయించి, విప్పేసి, మళ్లీ నన్నే వేయమనేది. నేను నాలుగు వలలు పాడుచేశాను. బస్తా మూతులు కుట్టి కుట్టి చెయ్యి తిరిగిన నాయనమ్మ ఒక్క చూపుతో పట్టేసింది. పైగా నా ముడులు చూసి, దీన్ని హాస్టల్‌కి పంపితే జడ ఎవరేస్తారో అని ఎద్దేవా చేసింది.

ఆ రోజు పొద్దున ఉల్లిపొట్టు వేసి ఉడికించిన గుడ్లు ఎర్రగా తేలాయి. చుట్టుపక్కల పిల్లలు పదిమంది పోగయ్యారు. నేను చెయ్యాల్సింది అంతకు ముందే చేశాను. మా వాకిట్లో పెరిగిన పిల్లకి తూకం ఎలా పెంచాలో ఒకరు నేర్పాలా? ఎండుకాయ నుగ్గవకుండా బస్తాల్లో తొక్కేముందు నీళ్లు చిలకరిస్తారు. ఆ వంక పెట్టుకుని ఇంకో రెండు చెంబులు ఎక్కువ కొట్టేవాళ్లని నేను బోలెడు మందిని చూశాను. నేను కూడా బిందె దగ్గర కూర్చుని గొంతు దాకా నీళ్లు తాగాను. అది చాలదనిపించి, యూనిట్ల దగ్గర పారేసే గ్రానైట్ ముక్కలు రెండు తెచ్చి గౌను జేబుల్లో వేసుకున్నాను. జేబులు లాగేస్తుంటే చేతులు అడ్డం పెట్టుకుని నిలబడ్డాను.

పెద్దవాళ్లతో మొదలుపెట్టాలని అక్క అంటే ముందు నాయనమ్మని ఎక్కించారు. అక్క గుండు జరుపుతూ వాళ్ల భాషలో ఏదో పాటలాగా అని, తొంభై దాటి బతుకుతారు అని అర్థం చెప్పింది. నాయనమ్మ మొహం వెలిగిపోయింది, దిగమంటే దిగలేదు. తరవాత నేను. అక్క నాకూ ఒక మంచి మాట పాడుతూ గుండు జరిపింది. గుండు పదిహేను దాటింది, ఇరవై దాటింది, కమ్మీ సమంగా నిలిచింది. సరిగ్గా ఇరవై అయిదు. అమ్మ కళ్లు తుడుచుకుంది. నాన్న నా తల మీద చెయ్యి వేసి, కలం కోసం లోపలికి వెళ్లాడు. నాయనమ్మ దిష్టి తీసి పొయ్యిలో పడేసిన మిరపకాయల ఘాటుకి అందరం దగ్గాం.

అక్క వంగి గుడ్డున్న వల నా మెడలో వేసింది. నా జేబుల వైపు చూసింది, తరవాత నా మొహం వైపు చూసింది. నెమ్మదిగా, అందరికీ వినపడేలాగే చెప్పింది. వాళ్ల ఊళ్లో ఒక పద్ధతుందట. ఈ రోజు కాటా మీద ఉన్నప్పుడు ఒంటి మీద ఏమేమి ఉన్నాయో, మూడు నెలల తరవాత మళ్లీ తూచేదాకా అవన్నీ మోయాలి. పడుకున్నా తీయకూడదు, స్నానానికి కూడా తీయకూడదు. ఆ మాట చెప్పి ఆవిడ మేడెక్కి వెళ్లిపోయింది.

నీళ్లదేముంది, అరగంటలో వాటి దారిన అవి పోయాయి. రాళ్లు మిగిలాయి. పిల్లలు గుడ్డుకి గుడ్డు తగిలించి ఎవరిది పగులుతుందో ఆడుకుంటున్నారు. నేను పరిగెత్తలేను, కూర్చోలేను, కూర్చుంటే తొడకి గుచ్చుకుంటాయి. హాస్టల్లో రాళ్లతో ఎలా పడుకోవడం, పక్క మంచం పిల్ల చూస్తే ఏం చెప్పడం అని లెక్కలు వేసుకున్నాను. పదేళ్ల పిల్లకి అలాంటి మాట అబద్ధమేమో అని తోచదు. చివరికి మేడెక్కి, జేబులో ఉన్నవి కూడా లెక్కేనా అక్కా అని అడిగాను. జేబు కూడా అంది. నాకు ఏడుపొచ్చింది. రెండు రాళ్లూ తీసి ఆవిడ మంచం మీద పెట్టాను.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. రాళ్లు పక్కకి జరిపి నన్ను కూర్చోబెట్టుకుంది. తెలుగు సగం, ఇంగ్లీషు సగం కలిపి తన సంగతి చెప్పింది. ముందటేడు ఇంకో దేశంలో పనిలో ఉండగా ఇదే రోజున ఇంటికి ఫోన్ చేసిందట. పిల్ల ఎంత తూగింది అని అడిగితే, దూరాన ఉన్న మనిషి బెంగపడుతుందని వాళ్లమ్మ రెండు కిలోలు కలిపి చెప్పింది. పిల్ల బాగుందనుకుని అక్క ఇంకో మూడు నెలలు అక్కడే పని ఒప్పుకుంది. ఇంటికి వెళ్లి చూస్తే పిల్ల ఎముకల గూడు. అన్ని నెలల నుంచీ కడుపులో జబ్బట. మందులిప్పించాక ఇప్పుడు కోలుకుందట.

"నాకు పెద్ద నంబర్ చెప్పారు. అందుకే నేను వెళ్లలేదు," అంది అక్క. కళ్లనీళ్లు కారుతుంటే తుడుచుకోను కూడా లేదు. పెద్దవాళ్లు అలా ఏడవడం నేనదే చూడటం. నాకు చాలా భయమేసింది, నా మీద నాకు అసహ్యం కూడా వేసింది.

నేను కిందికి దిగేసరికి నాన్న సంతకం పెట్టిన కాగితం చొక్కా జేబులో పెట్టుకుని చెప్పులు వేసుకుంటున్నాడు. ఆయన వెళ్లకుండా గడపలో అడ్డంగా నిలబడ్డాను.

"అది నా బరువు కాదు నాన్నా. రాళ్లు పెట్టుకున్నా. నీళ్లు కూడా తాగా."

నాన్న చెప్పులు విడిచి నన్ను కాటా దగ్గరికి తీసుకెళ్లి, "ఎక్కమ్మా," అన్నాడు. అక్క మేడ దిగి వచ్చి గుండుని మొదటి గీత దగ్గర పెట్టి మళ్లీ జరిపింది. ఇరవై రెండు దగ్గర కమ్మీ సమంగా నిలిచింది. ఇందాక నా కోసం అన్న మంచి మాటే మళ్లీ అంది, ఇరవై రెండు తక్కువేమీ కాదన్నట్టు. నాయనమ్మ మాత్రం ఊరుకోలేదు. దొంగముండా, దిష్టి తీసిన మిరపకాయలు కూడా దండగేనా అని వాడంతా వినపడేలా తిట్టింది. నాన్న కాగితం తీసి నాలుగు మడతలు పెట్టి దేవుడి పటం వెనక దోపాడు. ఆ సీటు పోయింది. మళ్లీ ఏడు రాశాను గానీ రాలేదు. నిజం చెప్పినందుకు మంచి జరిగిందని కథల్లో చెబుతారు, నాకు జరిగింది మాత్రం ఇదీ. ఆ జూన్‌లో మా పక్క వీధి పిల్ల రేకుపెట్టె పట్టుకుని బస్సెక్కుతుంటే తలుపు వెనక నిలబడి కుళ్లి కుళ్లి ఏడ్చాను.

కానీ ఇంకొకటి కూడా జరిగింది. అంతకు ముందు నాన్న కల్లం నుంచి ఏ నాలుగింటికో వచ్చి అన్నం తినేవాడు. ఆ మర్నాటి నుంచి పన్నెండు కొట్టగానే ఇంటికి వచ్చేవాడు. తన కంచం నా కంచం పక్కన పెట్టుకుని, నేను తినేదాకా లేచేవాడు కాదు. చారన్నం ముద్దలు కలిపి చేతిలో పెట్టేవాడు. ఎక్కువ మాటలుండేవి కావు. నేను జావ పెరట్లో పారబోస్తున్న సంగతి కూడా ఆ రోజుల్లోనే ఆయనకి చెప్పేశాను. ఇరవై అయిదని నమ్మి ఉంటే ఆయన ఎప్పటిలాగే నాలుగింటికి వచ్చేవాడు, నేను పారబోస్తూనే ఉండేదాన్ని. మిషన్ల పనైపోయి అక్క జూలైలో వెళ్లిపోయింది. ఆగస్టులో ఒక పొద్దున నాయనమ్మే నన్ను పిలిచి కాటా ఎక్కమంది. అక్క చెప్పిన మూడు నెలలూ ఆశ్లేష కార్తెలో పూర్తవుతాయని వేళ్ల మీద లెక్కపెట్టుకుని ఉందట. గుండుని వెనక్కి పోనివ్వకుండా జరపడం కూడా ఆమెకి గుర్తుంది. ఇరవై అయిదున్నర వచ్చింది. తరవాత పెద్దయ్యాక చైనా వాళ్ల తూకం పండగ గురించి కనపడినవి చదివాను. గుండు జరపడం ఉంది, గుడ్డు వల ఉంది, మూడు నెలల తరవాత తూచడం కూడా ఉంది. ఒంటి మీదివన్నీ మోయాలన్న మాట మాత్రం నాకెక్కడా కనపడలేదు.

ఇప్పుడు నేను అంగన్‌వాడీ టీచర్ని. నెలకోసారి పిల్లల్ని తూచడం నా పని. మొన్న కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లే చిన్న వయసు తల్లి ఒకావిడ, ఇంకో అరకిలో వేసి రాయండి టీచర్‌గారూ, మా అత్త నన్ను బతకనివ్వదు అని చేతులు పట్టుకుంది. రాయలేదు. ఎక్కువ రాస్తే ఆ బిడ్డ బాగున్నట్టే లెక్క, ఇక ఎవరూ ఆ గుమ్మం తొక్కరు. ఉన్నదే రాసి ఆమెకి చదివి వినిపించాను, కార్డు చూపించి అత్తతో నేనే మాట్లాడతానన్నాను. ఆ మాట చెప్పి లేచి వెళ్లిపోవడం నాకు చేతకాదు. బిడ్డకి అన్నం మెత్తగా కలిపి, తల్లి పక్కనే కూర్చున్నాను, గిన్నె ఖాళీ అయ్యేదాకా.