వన్ బై టూ పాలు

ఇరవై ఏళ్లుగా ఒక సవరణ నా దగ్గరే ఉండిపోయింది. మూడు వాక్యాలు. పంపవలసిన వారం దాటింది, తరువాత ఏళ్లు దాటాయి. ఏ రోజు ఏం చేశానో డైరీలో రాసుకునే మనిషిని నేను, లెక్కల టీచర్‌ని. ఆ డైరీల్లో దీని గురించి ఒక్క ముక్క లేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

2003లో ఒక శిక్షణ తరగతిలో పద్నాలుగు మంది లెక్కల టీచర్ల ఈ-మెయిల్ అడ్రసులు నోటుబుక్కులో రాయించుకుని గ్రూపు మొదలుపెట్టాను. ప్రతి శనివారం బడి వదిలాక ఛత్రినాకలోని ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చునేదాన్ని. తెలుగు అక్షరాలు అందరి కంప్యూటర్లలో కనిపించేవి కావు. ఇంగ్లిష్ అక్షరాలతోనే తెలుగు రాసుకునేవాళ్లం. వారానికొకరు తమ క్లాసులో పనికొచ్చిన పాఠం పంపాలి. ఎవరైనా ప్రశ్న అడిగితే వారంలోగా జవాబు వెళ్లాలి. ఎవరి పాఠం వారి పేరుతోనే వెళ్లాలి. ఈ మూడో నియమం కూడా నేను పెట్టిందే. ప్రతి ఉత్తరం ముందు నాకే వచ్చేది. నేను చూసి వదిలితేనే మిగతావాళ్లకు అందేది. రెండేళ్లలో నూట ఎనభై మందిమి అయ్యాం.

రజిత ఉప్పుగూడలో ఒక చిన్న ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేది. భిన్నాల మీద ఒక పాఠం పంపింది. హోటల్‌లో ఒక చాయ్‌ని ఇద్దరు పంచుకుంటే వన్ బై టూ. రెండు చాయ్‌లు ముగ్గురు పంచుకుంటే టూ బై త్రీ. ఎందులో ఒక్కొక్కరికి ఎక్కువ వస్తుంది? అంతే పాఠం. ముప్పై ఏళ్లు భిన్నాలు చెప్పిన నాకు అది తట్టలేదు.

ఆమె రాత నాకు నచ్చలేదు. గిట్ల, గట్ల అని మాట్లాడినట్టే రాసింది. నేను కోస్తా నుంచి వచ్చినదాన్ని, పుస్తకాల్లో ఉన్నట్టు ఉంటేనే తెలుగు అనుకునేదాన్ని. దిద్దుదామని మొత్తం మళ్లీ టైపు చేశాను. పిల్లల పాఠంలో చాయ్ ఏమిటని పాలుగా మార్చాను. నా అకౌంట్ నుంచి పంపాను. ఆమె పేరు వేయడం మరిచాను. నిజంగా మరిచానా? కింద నా పేరు టైపు చేస్తున్నప్పుడు నా వేళ్లకు తెలియదా? ఆ వారం ముప్పై ఒక్క మంది మెచ్చుకుంటూ రాశారు. ఒక్కరికీ నాది కాదని రాయలేదు.

శనివారం రజిత సెంటర్‌కే వచ్చింది.

"మేడమ్, గా చాయ్ పాఠం నేను రాసింది గద. మీ పేరు మీద వచ్చిందేంది?"

"తప్పులు దిద్ది పంపానమ్మా."

"దిద్దుడు వేరే, పేరు వేరే గద మేడమ్." అని తనే నవ్వేసింది. "పాలు అన్నరంట. హోటల్ల వన్ బై టూ పాలు ఎవరు అడుగుతరు మేడమ్? మా పిల్లలు వింటే మస్తు నవ్వుతరు."

నాకు ఒళ్లు మండింది. "వచ్చే వారం సవరణ వేస్తాలే" అన్నాను.

"ఫికర్ లేదు మేడమ్. మీకు వీలైనప్పుడే వెయ్యండ్రి."

వేయలేదు. నూట ఎనభై మంది ముందు తల దించడం ఎలా అనుకున్నాను. పిల్లలు నవ్వుతారన్న మాట కూడా పట్టుకుని కూర్చున్నాను.

మరుసటి వేసవిలో రజిత మలక్‌పేటలో ఒక పెద్ద బడికి ఉద్యోగం కోసం వెళ్లి, అదే పాఠం చెప్పి చూపించింది. అక్కడి హెడ్మిస్ట్రెస్ మా గ్రూపు మనిషే. నాకు ఫోన్ చేసి, ఈ అమ్మాయి మీ పాఠంలో పాలు తీసి చాయ్ పెట్టి తనదంటోంది, మీదేనా అని అడిగారు. గ్రూపులో నా పేరుతోనే ఉందిగా అన్నాను. చూడండి, అందులో ఒక్క అబద్ధపు మాట లేదు. ఆ వాక్యాన్ని అంత జాగ్రత్తగా ఎంచుకున్నాను.

ఉద్యోగం రాలేదు. దొంగపాఠం సంగతి ఒకరి నుంచి ఒకరికి పాకింది. మంచి పాఠాలు ఏ దారిన వెళ్లాలని గ్రూపు కట్టానో ఆ దారినే వెళ్లింది. జూన్‌లో ఉప్పుగూడ బడి కూడా ఆమెను రావద్దంది. రజిత గ్రూపుకు ఉత్తరం రాసింది. "చాయ్ పాఠం నాదే. మేడమ్‌ను అడగండ్రి. మేడమ్ చెప్తరు." అది ముందు నాకే వచ్చింది. నేను వదలలేదు. ఆమె పేరు గ్రూపులోంచి తీసేశాను.

2009లో ఒక బట్టల కొట్లో కనిపించింది. కౌంటర్ వెనక నిలబడి జాకెట్ గుడ్డ కొలుస్తోంది. "ముప్పావు సరిపోతదా మేడమ్?" అంది. సరిపోతుందన్నాను. కత్తిరించి, మడత పెట్టి ఇచ్చింది. ఇంకేమీ అడగలేదు. డబ్బులిచ్చి వచ్చేశాను. మరోసారి వెళ్లేసరికి అక్కడ వేరే ఎవరో ఉన్నారు.

గ్రూపు ఎప్పుడో మూతపడింది. పంపడానికి ఇప్పుడు ఆ నూట ఎనభై మంది లేరు. రజిత క్షమిస్తుందని అనుకోను. అడిగే హక్కు నాకు లేదు. ఆ వారం పంపవలసిన సవరణ ఇది. ఎవరి అనుమతీ అక్కర్లేకుండా ఇక్కడ వదులుతున్నాను.

భిన్నాల పాఠం నాది కాదు. ఉప్పుగూడలో పనిచేసే రజిత రాసింది. పాలు అని ఉన్న ప్రతిచోటా చాయ్ అని చదువుకోగలరు.