నొక్కవద్దన్న లింకు

మా విశ్వవిద్యాలయం నాకిచ్చిన హోదా వింటే పిల్లలు జడుసుకుంటారు. సమాచార భద్రత, సాంకేతిక సేవల సమన్వయకర్త. జగిత్యాల ప్రాంతీయ కార్యాలయంలో నా బల్ల మీది బోర్డుకు అంత పేరు పట్టక, చివరి మాట చీమలంత అక్షరాలతో కింది అంచున సర్దుకుంది. పిలిచేవాళ్లకు అంత ఓపిక ఉండదు కాబట్టి అందరికీ నేను కంప్యూటర్ సార్‌ని. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే కంప్యూటర్ సార్. ప్రిన్సిపాల్ గదిలో ఏసీ పనిచేయకపోతే కంప్యూటర్ సార్. కోరుట్ల కాలేజీలో ఒకసారి నీళ్ల మోటారు ఆగిపోతే కూడా నాకే ఫోన్ చేశారు. నాకేం సంబంధమండీ అంటే, "దానికి గుడ స్విచ్ ఉంటది గద సార్" అన్నారు. ఆ తర్కానికి తలొగ్గి మెకానిక్‌ను వెతికి పంపాను.

కోరుట్ల, సిరిసిల్ల కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్ల కంప్యూటర్లు, మెయిళ్లు, పాస్‌వర్డ్‌లు క్షేమంగా ఉండేలా చూడటం నా అసలు పని. వాటి క్షేమం గురించి బెంగ పెట్టుకున్నవాణ్ని రెండు ఊళ్లలోనూ నేనొక్కణ్నే. కోరుట్ల స్టాఫ్ రూంలో పాస్‌వర్డ్‌ను గోడ క్యాలెండర్ మీద రాసి పెట్టారు, రాహుకాలం పక్కన. ఏడాది మారగానే కొత్త క్యాలెండర్ మీదికి శ్రద్ధగా ఎక్కించేవారు. అందరికీ కలిపి ఒకటే పాస్‌వర్డ్. ఎవరిది వాళ్లు పెట్టుకోండి అంటే, "మా మధ్యల దాపరికాలు లేవు సార్" అని నన్నే అనుమానంగా చూశారు. పక్క మనిషి అడిగినప్పుడు పాస్‌వర్డ్ చెప్పకపోవడమంటే, వాళ్ల లెక్కలో ఇంటికొచ్చినవాళ్లకు చాయ్ ఇవ్వకపోవడమే.

అక్కడ ఒక సీనియర్ సార్ ఉన్నారు. ఫోన్‌లో నీలం రంగు అక్షరాల కింద గీత కనిపిస్తే చాలు, ఆయన వేలు ఆగదు. లాటరీ తగిలిందన్నా, కరెంటు కోసేస్తామన్నా, పార్సిల్ ఆగిపోయిందన్నా ముందు నొక్కుతారు, తర్వాత నాకు ఫోన్ చేస్తారు. ఆ భాగ్యం ఒక్కరే అనుభవించడం ఇష్టంలేక స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో కూడా వేస్తారు. ఆయన ఫోన్‌ను శుభ్రం చేయడానికే వేరే ఒక సమన్వయకర్తను పెట్టొచ్చు.

ఇలా ఉండగా పై నుంచి ఆదేశం వచ్చింది. సిబ్బందికి సైబర్ భద్రత మీద శిక్షణ ఇవ్వాలి, ఫొటోలు పంపాలి. ఫొటోల మాటను బాగా నలుపు అక్షరాల్లో కొట్టారు. శిక్షణ అనే మాట మామూలు అక్షరాల్లోనే ఉంది. నేను తెలివితక్కువగా ఆ మామూలు అక్షరాలను పట్టుకుని, దొంగ మెయిల్ లక్షణాలన్నీ కూర్చుకున్నాను. ఇంగ్లీషు తప్పుల తడకగా ఉంటుంది. ఆఫీసు చిరునామా నుంచి కాకుండా ఎవరిదో సొంత జీమెయిల్ నుంచి వస్తుంది. సాయంత్రంలోగా చేయకపోతే కొంప మునుగుతుందని తొందరపెడుతుంది. కింద పంపిన మనిషి పేరుండదు. ఆధార్ నుంచి పాస్‌వర్డ్ దాకా అన్నీ ఒకే చోట అడుగుతుంది. అలాంటిది వస్తే లింకు నొక్కకుండా ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కోండి అని చెప్పాను. పాస్‌వర్డ్ మాత్రం ఎవరికీ చెప్పొద్దు, చూపించొద్దు. "నేనడిగినా సరే" అని బల్ల గుద్దాను.

జగిత్యాల ఆఫీసువాళ్లు అటూ ఇటూ తిరుగుతూ విన్నారు. కోరుట్లలో సమోసాలు వచ్చేదాకా విన్నారు. సీనియర్ సార్ ముందు వరసలో కునుకు తీసి, లేచి, చాలా విలువైన విషయాలు తెలిశాయని వందన సమర్పణ చేశారు. ఫొటోలు బాగా వచ్చాయి.

సిరిసిల్లలో పక్క వీధి సాంచెల చప్పుడుకు నా మాట నాకే వినబడలేదు. అంత మగ్గాల మోతలోనూ ఒక్కరు మాత్రం నా నోటి వైపే చూస్తూ కూర్చున్నారు. లెక్కలు చెప్పే మేడం. కాంట్రాక్టు ఉద్యోగం. ఏటా ఎండాకాలంలో విశ్వవిద్యాలయం దయతలిస్తే మళ్లీ ఏడాది ఉంటుంది, మరిచిపోతే ఊడుతుంది. ఆమె భర్తకు గాంధీచౌక్ దగ్గర కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం ఉంది. మిషన్లు చెడిపోయిన నెలలో అది నడుస్తుంది, చెడిపోకపోతే ఈగలు తోలుకోవాలి. ఇల్లు నడిచేది మేడం జీతం మీదే. ఇంట్లో ఉర్దూ, క్లాసులో తెలుగూ ఇంగ్లీషూ, నాతో మూడూ కలిపి మాట్లాడేవారు.

ఆ శిక్షణ తర్వాత ఆమె పాస్‌వర్డ్ మార్చుకున్నారు. తోటి అధ్యాపకులు అడిగితే చెప్పలేదు. కొన్నాళ్లు వాళ్లు ఆమెతో ముభావంగా ఉన్నారు, అయినా చెప్పలేదు. ఒకసారి ఆమె కంప్యూటర్ మొరాయిస్తే నేనే వెళ్లి కూర్చున్నాను. పాస్‌వర్డ్ కొట్టాల్సి వచ్చినప్పుడు, "జర అటు తిరుగుండ్రి సార్" అన్నారు. తిరిగాను. వెల్ల రాలిన గోడను చూస్తూ అంత సంతోషపడ్డ మనిషి ఆ కాలేజీలో నా కంటే ముందు ఎవరూ ఉండి ఉండరు. ఇన్నేళ్ల నా కొలువులో ఒక్కరైనా నా మాట విన్నారు.

ఆ ఎండాకాలం కాంట్రాక్టు వాళ్లందరికీ ఒక మెయిల్ వచ్చింది. అర్జెంట్ అనే మాటను ఎక్కడ రాసినా ఒక్కో రకం స్పెల్లింగుతో రాశారు. ఎవరిదో జీమెయిల్. రేపు సాయంత్రంలోగా వివరాలు నింపకపోతే తమరి సేవలు అవసరం లేదని భావించబడును. కింద సంతకం లేదు, 'బై ఆర్డర్' అని మాత్రం ఉంది. మధ్యలో నీలం రంగు లింకు.

కోరుట్లలో నొక్కారు. సీనియర్ సార్‌కు ఈ మెయిల్‌తో సంబంధమే లేదు, ఆయనది పర్మనెంట్ ఉద్యోగం. అయినా ఎవరో చూపిస్తే ఆయన కూడా నొక్కి, నింపి, గ్రూపులో వేశారట. దాంతో అక్కడి కాంట్రాక్టు వాళ్లలో ఒక్కరు కూడా మిగలకుండా గడువులోగా నింపేశారు.

సిరిసిల్ల మేడం నొక్కలేదు. నేను చెప్పిన లక్షణాలు ఒక్కొక్కటీ సరిచూసుకున్నారు. పైకి కనిపించేవన్నీ ఉన్నాయి. అంతటితో ఊరుకోకుండా, నేను చెప్పినట్టే జగిత్యాల ఆఫీసుకు ఫోన్ చేసి అడిగారు. ఫేక్ అన్నారు. డిలీట్ చేశారు. నన్ను అడగాల్సిన అవసరమే రాలేదు. నేర్చుకున్న మనిషి కదా.

కాలేజీ తెరిచేముందు టైంటేబుల్ వేస్తుంటే లెక్కల దగ్గర ఖాళీ పెట్టారు. అదేమని అడిగితే, ఆ మెయిల్ నింపలేదని, మీకు ఆసక్తి లేదని ఆఫీసువాళ్లు రాసుకున్నారు కదా మేడం అన్నారట. అప్పుడు నాకు ఫోన్ వచ్చింది.

"సార్, మీరు చెప్పినట్టే చేసిన."

ఆమె నన్ను తప్పుపట్టడానికి అనలేదు. ఎక్కడైనా ఒక మెట్టు మరిచిపోయానేమో చూడమని అడిగినట్టుగా అన్నారు. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

"ఫోన్ గుడ చేసిన సార్. ఫేకే అన్నరు. గిప్పుడు మా ఆయనకు ఎట్ల చెప్పాలె?"

రేపు జగిత్యాలకు రమ్మన్నాను. అది మంగళవారం, కొండగట్టు అంజన్న వారమన్న సంగతి నాకు తట్టలేదు. వేములవాడలో మారిన బస్సు నిండా అంజన్న భక్తులు. కొండగట్టు దాకా మేడం నిలబడే వచ్చారు, సర్టిఫికెట్ల ఫైలును గుండెలకు అదుముకుని. మనిషి నలిగిపోయారు, ఫైలు మాత్రం నలగలేదు.

సంబంధిత అధికారి గది నా గది పక్కనే. మధ్యలో ఉన్నది ఒక్క గోడ. ఆయన తల ఎత్తకుండానే విన్నారు.

"అందరికి పంపినం. అందరు నింపిండ్రు. మేడంకు ఒక్కదానికే ఏమైంది?"

"సార్, ఆ మెయిల్ ఎవరిదో సొంత జీమెయిల్ నుంచి పోయింది" అన్నాను.

"మరేం చెయ్యాలె? ఆఫీసు మెయిల్‌కు పాస్‌వర్డ్ మార్చాలె మార్చాలె అని సతాయించింది నువ్వే గద. మార్చినం. అదేందో ఎవ్వలికి యాదికి లేదు."

"నాకు చెప్తే నిమిషంలో సరిచేద్దును కదా సార్."

"నీకు మెయిల్ పెడదామంటే గదే తెరుసుకోకపాయె."

నేను గోడ వైపు చూశాను. ఈసారి సంతోషం కలగలేదు.

ఫోన్‌లో ఫేక్ అని చెప్పిందెవరని అడిగాను. మూల కూర్చున్న గుమస్తా చెయ్యెత్తాడు. మొహం వెలిగిపోతోంది. "నేనే సార్. మీ ట్రైనింగ్‌ల కూసున్న గద. అచ్చం మీరు చెప్పినట్టే ఉండె. సూడంగనే పట్టేసిన." మెచ్చుకుంటానేమోనని ఎదురు చూశాడు. నా రెండో శిష్యుడు అతనని అప్పటిదాకా నాకు తెలియదు. ఇంత పెద్ద విశ్వవిద్యాలయంలో నా పాఠం ఒంటబట్టింది ఇద్దరికే. ఆ ఇద్దరూ కలిసి ఒకరి ఉద్యోగం తీసేశారు.

ఒళ్లు మండింది. దొంగలు మెయిల్ రాసినా మనకంటే మర్యాదగా రాస్తారని, కనీసం కింద ఒక దొంగ పేరైనా పెడతారని అన్నాను. ఇందులో మేడం తప్పేమిటో చెప్పమన్నాను. గొంతు కొంచెం పెద్దదైంది. గుమస్తా ఫ్యాన్ వైపు చూశాడు. మేడం నా చొక్కా చెయ్యిని మెల్లగా లాగి, "సార్, వద్దు" అన్నారు. నా కోపం ఆమెకు ఇంకో ప్రమాదంలా కనిపించిందని అప్పుడర్థమైంది. గొంతు తగ్గించి, ఏదైనా దారి చూపించమని అధికారిని అడిగాను.

అధికారి చెడ్డవాడేం కాదు. ఫైళ్లంటే భయం, ఫైళ్లు పెరగడమంటే ఇంకా భయం. "సరే, లింకు మళ్ల తెరిపిస్త. ఇంటికి పోయి నింపుత అంటే కుదరది. గీడనే కూసోని నింపుమను, నా ముందల" అన్నారు. తన సొంత ఫోన్ తీసి ఏదో చేశారు. మేడం ఫోన్ మోగింది.

ఆ మెయిల్ నేనూ వంగి చూశాను. అదే జీమెయిల్, అదే ఇంగ్లీషు, అదే అర్జెంటు. మేడం బొటనవేలు లింకు మీదికి వెళ్లి ఆగింది. ఆమె అధికారి వైపు చూడలేదు. నా వైపు చూశారు.

"నొక్కాల్నా సార్?"

లోపల ఏముంటుందో నాకు తెలుసు, నిన్ననే కోరుట్లవాళ్లను అడిగాను. ఆధార్ అడుగుతుంది. బ్యాంకు ఖాతా అడుగుతుంది. అమ్మ పేరు అడుగుతుంది. చివర్లో, ధ్రువీకరణ నిమిత్తం అని, మెయిల్ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఊరూరా తిరిగి గొంతు చించుకుని చెప్పిన ఒక్క మాటను ఆమె నా నోట ఇంకోసారి వినాలనుకుంటున్నారు. వద్దంటే ఆమె వేలు తీసేస్తారు, నాకు అనుమానం లేదు. తీసేస్తే ఫైలు పట్టుకుని సిరిసిల్ల బస్సెక్కడమే. నాకు సిగ్గేసింది.

"నొక్కుండ్రి మేడం" అన్నాను.

నొక్కారు. అడిగినవన్నీ ఒకటొకటిగా నింపారు. అధికారి టీ తెప్పించారు. చివరి గడి దగ్గరికి వచ్చాక ఆమె కుర్చీలో కొంచెం పక్కకు తిరిగి, నాకు కనిపించకుండా ఫోన్‌ను అరచేత్తో కప్పుకుని పాస్‌వర్డ్ కొట్టారు. ఎవరికీ చూపించొద్దని, నాక్కూడా చూపించొద్దని చెప్పింది నేనే.