గుమ్మం దగ్గర ఆగినవాళ్ళు

మా చెల్లెలి ఫోన్‌లో ఒక సోదెమ్మ గొంతు ఉండేది. పొద్దున్నే మొహమైనా కడుక్కోకుండా అది పెట్టుకుని వినేది. కంచం ముందు కూర్చుని వినేది. ఆ గొంతు వినపడితే చాలు, నాకు ఒళ్ళు మండిపోయేది. నేను కడియం పక్క ఊళ్ళో ఆడవాళ్ళ బట్టలు కుడతాను. రోజంతా మిషను ముందు కూర్చుని, నడుం పట్టేసి, సాయంత్రం దాని ఇంటికి వెళితే ఏముంటుంది? వీధి తలుపు బార్లా తీసి, ఎదురుగా పీట వేసుకుని, గుమ్మం వంకే చూస్తూ కూర్చుని ఉండేది. నేను రావడం కూడా దానికి పట్టేది కాదు.

దాని మొగుణ్ణి, మా మరిదిని, గోదారి తీసుకుంది. నర్సరీలో పని చేసేవాడు. వరద నీరు ఎర్రగా వచ్చిన రోజుల్లో, ఏటి మధ్య లంకలో ఉండిపోయిన బంతి నారు తెద్దామని పడవెక్కాడు. పడవ తిరగబడింది. కూడా వెళ్ళినవాళ్ళు ఈదుకుంటూ ఒడ్డు పట్టుకున్నారు. మరిది రాలేదు. వలలు వేశారు, దిగువ ఊళ్ళన్నీ వెతికారు, మనిషి దొరకలేదు. అలా శరీరం దొరకనివాళ్ళకి దర్భలతో బొమ్మ చేసి, ఆ బొమ్మకి దహనం చేసి, కర్మ జరిపిస్తారు. పంతులుగారు ఆ మాట ఎత్తినప్పుడల్లా చెల్లెలు చెవులు మూసుకునేది. ఏడ్చి ఏడ్చి, నెలలు గడిచి మళ్ళీ వానలు మొదలయ్యాక, చివరికి సరేనంది. రోజు కూడా చూసుకున్నాం. సరిగ్గా అప్పుడే దాపురించింది ఈ సోదెమ్మ.

నేను లేని సమయంలో వచ్చిందట. చేటలో బియ్యం పోయించుకుని, చేతికి బెత్తం ముట్టించి, చెప్పడం మొదలుపెట్టిందట. చెల్లెలు ఫోన్‌లో రికార్డు చేసుకుంది.

"నలుగురిలో నవ్వుతావు తల్లీ, నలుగురూ ఎల్లిపోయాక ఏడుస్తావు. కోపం ముక్కు మీదుంటాది, మనసు మాత్రం వెన్న. నువ్వు చేసిన మేలు ఎవురికీ గురుతుండదు. నీళ్ళ వైపు పోయిన మనిషి ఒకరున్నారు నీకు. తడికాళ్ళతో నీ గుమ్మం దాకా వత్తన్నారు, ఆగిపోతన్నారు. ఒక మాట మిగిలిపోయింది మీ మధ్యన. పిలుపు కోసం చూత్తన్నారు తల్లీ."

అంతే. ఆ మాటలు విన్న దగ్గర్నుంచీ కర్మ లేదు, ఏమీ లేదు పొమ్మంది చెల్లెలు.

"నేనొక్క ముక్క చెప్పలేదక్కా. నా మొహాన బొట్టుంది, చేతులకి గాజులున్నాయి. నన్ను చూసి ఎవరైనా ఆ మాట అనగలరా? ఆయన్ని చూసింది కాబట్టే అంది. మనిషి గుమ్మంలో నిలబడుంటే, నేను బొమ్మ చేయించి తగలబెట్టించనా?"

"నీ మొహం! ఆవిడ వీధంతా తిరిగిందే. అందరికీ అదే పాట పాడుంటుంది."

"అందరికీ అయితే నాకంత సరిగ్గా ఎలా సరిపోయింది మరి?"

నిజం చెప్పొద్దూ, మొదటిసారి విన్నప్పుడు నేనూ ఉలిక్కిపడ్డాను. 'కోపం ముక్కు మీదుంటాది, మనసు మాత్రం వెన్న' అన్న దగ్గర, అరె, ఇది అచ్చం నేనే కదా, చెల్లెలు నా గురించి ఏమైనా చెప్పి చచ్చిందా అనుకున్నాను. తర్వాత నవ్వొచ్చింది. తనకి కోపం ఉన్నా మనసు మంచిదని అనుకోని మనిషి ఎవరు? చేసిన మేలు అందరూ గుర్తుపెట్టుకున్నారని చెప్పే ఇల్లాలు ఏ ఊళ్ళో ఉంది? లంగాకి బొందు ఉన్నట్టు ఆ మాటలకీ ఒక బొందు ఉంది. ఎవరి నడుముకి వాళ్ళే బిగించి ముడేసుకుంటారు. పైగా కాలువలూ, చెరువులూ, గోదారీ తప్ప మరో దారి లేని మా ప్రాంతంలో, నీళ్ళ వైపు మనిషిని పోగొట్టుకోని ఇల్లు వెతకాలి.

ఇదంతా చెల్లెలికి అరిచి చెప్పాను, బతిమాలి చెప్పాను. తల ఊపేది, మళ్ళీ ఫోన్ పెట్టుకునేది. వానాకాలంలో అలా తలుపు తీసి ఉంచితే పాములొస్తాయే అంటే, "వేస్తే ఆయన వెనక్కి వెళ్ళిపోతారు" అనేది. తిండి లేదు, నిద్ర లేదు, మనిషి పిప్పి అయిపోయింది. మరిదిని గోదారి తీసుకుంటే, దీన్ని ఆ గుమ్మం తీసుకుంటుందని నాకు భయం పట్టుకుంది.

మాటలతో కాదు, రుజువు చూపించాలనుకున్నాను. ఆ రికార్డు నా ఫోన్‌లోకి పంపించుకుని, కొట్టుకి జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన పెద్దావిడకి వినిపించాను. మా వెనక వీధిలో ఉంటారు, పొలాలున్నవాళ్ళు, నేను పిన్నిగారు అని పిలుస్తాను. ఎవరికి చెప్పిన సోదో చెప్పలేదు. నవ్వుతారని చూశాను.

ఆవిడ చేతిలో జాకెట్టు గుడ్డ జారి కింద పడింది.

"ఇది నీకెవరిచ్చారమ్మాయ్? ఇది మా పెద్దాడి సంగతి కదూ!"

ఆవిడ పెద్దకొడుకు చిన్నతనంలో కాలవలో పోయాడట. ఇన్నేళ్ళ పరిచయంలో ఆ పిల్లాడి ఊసు నాతో ఎప్పుడూ ఎత్తలేదు.

మర్నాడు కిరాణా కొట్టువాళ్ళ కోడలు వచ్చింది. ఆవిడ అత్తగారు నీళ్ళలో పోలేదు, మంచంలో పోయింది. అయినా ఆ పిల్ల మొహం తెల్లబోయింది. "పోయేముందు నీళ్ళు, నీళ్ళు అన్నారండి. నేను గ్లాసు తెచ్చేలోపే అయిపోయింది. ఇది మా అత్తగారేనండి, ఆయ్" అంది. నీళ్ళ వైపు అన్న మాటని ఆవిడ అలా తిప్పి కట్టుకుంది. డిగ్రీ చదివే ఒక అమ్మాయైతే, సముద్ర స్నానానికి వెళ్ళి తిరిగిరాని స్నేహితురాలి పేరు చెప్పి, నా మిషను మీద తల వాల్చి ఏడ్చింది.

చిత్రమేంటంటే, ఇది ఎవరి సోదండీ అని ఒక్కరూ అడగలేదు. అందరూ అడిగింది ఒకటే, నాకు పంపిస్తారా అని. వద్దనలేక పంపించాను. వాళ్ళు ఇంకెవరికి పంపారో నాకు తెలియదు.

ఆ తర్వాత ఒక సాయంత్రం కొట్టు కట్టేసి చెల్లెలి ఇంటికి నడుస్తున్నాను. మా ఊళ్ళో దీపం పెట్టే వేళ కాసేపు వీధి తలుపు తీసి ఉంచడం మామూలే. ఆ కాసేపూ అయ్యాక దోమల బాధకి అందరూ టపటపా తలుపులు వేసేసుకుంటారు. ఆ రోజు ఒక్క తలుపూ వేసి లేదు. వరసగా ప్రతి ఇంటి తలుపూ తీసే ఉంది. లోపల మనుషులు దోమలు కొట్టుకుంటూ, టీవీ కూడా పెట్టుకోకుండా, వీధిలోకి చూస్తున్నారు. నా అడుగుల చప్పుడు వినగానే ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్కరు మెడ చాచి, నన్ను చూసి, కాదని మళ్ళీ వెనక్కి వాలుతున్నారు. మిగతా దారంతా దాదాపు పరిగెత్తాను.

మర్నాడు చెల్లెల్ని చెయ్యి పట్టుకుని కొట్టుకి లాక్కొచ్చాను. పిన్నిగారినీ, కిరాణా కొట్టువాళ్ళ కోడలినీ కూడా రమ్మన్నాను. ఇది చెల్లెలికి చెప్పిన సోదండీ అని వాళ్ళ ముందే చెప్పేశాను. మాటల్లో ఏముందో వాళ్ళకీ తెలిసిపోతుంది, దీనికీ తెలిసిపోతుంది, గొడవ వదిలిపోతుందనుకున్నాను.

"ఎవరికి చెబితే ఏంటమ్మా, మా వాడే" అన్నారు పిన్నిగారు. "వాడు మహా బెట్టు. నాలుగుసార్లు పిలిస్తేగానీ గడప దాటేవాడు కాదు. అలాగే నిలబడుంటాడు పాపం."

"మా అత్తగారూ అంతేనండి" అంది కోడలు. "మర్యాద మనిషి. నోరారా రమ్మంటేనే వచ్చేవారు."

ఇద్దరూ కళ్ళొత్తుకున్నారు. చెల్లెలు ఒకరి తర్వాత ఒకరి మొహం చూస్తూ కూర్చుంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. దీనికి తోడు ఇంకో ఇద్దరిని తయారుచేశాను అనుకున్నాను. ఇంటికి వెళ్ళే దారి పొడుగునా అది నా చెయ్యి పట్టుకునే నడిచింది.

ఇంటికి చేరాక పీట మీద కూర్చోలేదు. గడప ఇవతల నిలబడి బయటికి చూస్తోంది.

"అక్కా, ఆయన ఎప్పుడైనా గుమ్మం దగ్గర ఆగారా?"

"ఏంటే?"

"నర్సరీ బురదంతా కాళ్ళకేసుకుని సరాసరి వంటింట్లోకొచ్చి గిన్నె మీద మూత తీసేవారు. ఇప్పుడే తుడిచాను, కాళ్ళు కడుక్కుని రండి మహాప్రభో అని నేను అరుస్తూనే ఉండేదాన్ని. ఒక్కరోజు వినలేదు. మా పెళ్ళిచూపులకి కూడా మనవాళ్ళు వద్దని కబురు పెట్టినా వచ్చేశారు, గుర్తులేదా? పిలిస్తే వచ్చే మనిషి కాదక్కా ఆయన. రాగలిగితే ఈపాటికి వంటింట్లో ఉండేవారు."

అంటూ అంటూనే కూలబడిపోయింది. వరద రోజుల తర్వాత అది అంత గట్టిగా ఏడవడం అదే మొదలు. "ఆయన లేరక్కా, ఆయన లేరు" అని గుండెలు బాదుకుంటుంటే, నేను దాన్ని ఒళ్ళోకి లాక్కుని పట్టుకున్నాను. నాకూ మరిది బురద కాళ్ళే కనిపించాయి. ఎంత ఏడ్చామో తెలియదు.

ఏడుపు తగ్గాక, "పంతులుగారికి చెప్పు. బొమ్మ చేయిద్దాం" అంది. కాస్త మజ్జిగన్నం తింటానంది. హమ్మయ్య అనుకుని, కళ్ళు తుడుచుకుని, తలుపు వేద్దామని లేచాను. రెక్క మీద చెయ్యి వేశానో లేదో, చెల్లెలు వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"ఆయన కాదు, సరే. మరి ఇన్నాళ్ళూ ఇక్కడ నిలబడిందెవరక్కా?"

నేను గడప అవతలికి తొంగిచూశాను. బయట గచ్చు తడిగా ఉంది. ఆ కాలంలో మా గచ్చులు ఎప్పుడూ తడిగానే ఉంటాయి. తలుపు వేసి గడియ పెట్టాను. ఇద్దరం రెండు చేతులూ తలుపుకి ఆనించి, గట్టిగా నొక్కిపట్టి, అలాగే నిలబడ్డాం.