ఇడ్లీ ప్లేట్ల మీద బార్లీ

ఆ రోజుల్లో (మరీ రాజుల కాలమేం కాదు, నా నెత్తిన జుట్టు ఇంకాస్త ఉన్న రోజులు) ఉద్యోగం దొరికితే చాలు, మనిషి సెటిల్ అయిపోయినట్టే అనుకునేవాణ్ణి. ఆక్లండ్‌లో చదువు ముగించి ఆల్బనీలో ఓ ఆఫీసులో చేరాక తెలిసింది, జీతమిచ్చేవాళ్ళు వేరు, మనవాళ్ళు అనిపించేవాళ్ళు వేరు అని. "హౌ ఆర్ యూ" అని అందరూ అడిగేవారు. నేను జవాబు కూడదీసుకునేలోపు కాఫీ మిషన్ దాకా వెళ్ళిపోయేవారు. శుక్రవారం సాయంత్రమైతే మాత్రం అందరూ ఒకచోట చేరి, ఎవరింట్లో వాళ్ళు కాచిన బీరు సీసాలు తెచ్చి, పెళ్ళిచూపుల్లో పిల్లని చూసినట్టు దాని రంగూ వాసనా చర్చించేవారు. బీరు ముట్టి ఎరగని నేను నారింజ రసం గ్లాసుతో ఓ మూల నిలబడేవాణ్ణి. చేరి చాలాకాలమైనా ఎవరింటికీ నేను వెళ్ళింది లేదు, మా ఇంటికి ఎవరూ వచ్చింది లేదు. నవ్వుతారేమో గానీ, ఆ వయసులో నాకది పెద్ద దిగులు.

మా టీమ్ లీడ్‌కి రొమ్ము దాకా గడ్డం. ఇంట్లో మేం ఆయన్ని గడ్డం బాస్ అనుకునేవాళ్ళం. ఓ శుక్రవారం ఏ దేవుడు పూనాడో, ఆయన దగ్గరికెళ్ళి "నేను కూడా బీరు చేద్దామనుకుంటున్నాను" అనేశాను. ఆయన మొహం వెలిగిపోయింది. "అయితే ముందు మాష్ టన్ చేసుకో మేట్. ఓ పెద్ద చిల్లీ బిన్ కొను (ఐసు వేసి పిక్నిక్కులకి మోసుకెళ్ళే డబ్బాని ఇక్కడ అలా అంటారు). కింద కుళాయి పెట్టు, లోపల చిల్లుల అడుగొకటి అమర్చు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడినీళ్ళతో గంటసేపు అందులో ఉంచితే తియ్యటి రసం కుళాయిలోంచి దిగుతుంది, పిప్పి పైన ఉండిపోతుంది. ఆ రసాన్ని కాచి పులియబెట్టడమే మిగతా పని" అని చెప్పి, చివర్లో "శనివారం నేనే వచ్చి చూస్తాలే" అన్నాడు. నాకు ఆ ఆఖరి ముక్క ఒక్కటే తలకెక్కింది. మేముండేది టకానినిలో. ఊరికి ఆ కొస నుంచి ఈ కొసకి, మా ఇల్లు వెతుక్కుంటూ ఓ మనిషి వస్తున్నాడు!

మా ఇల్లంటే మా పెదనాన్నగారి అబ్బాయిది. అన్నయ్యా వదినా కొత్తగా కొనుక్కున్న ఇంట్లో ఓ గది నాది. సంగతి వినగానే అన్నయ్య లుంగీ ఎగగట్టాడు. "ఏరా, ఇద్దరం మెకానికల్ చదివి డబ్బాకి కుళాయి పెట్టలేమా?" అని డ్రిల్లు తెచ్చాడు. శనివారం వదిన మనురేవాలో స్నేహితురాలి ఇంట్లో నోముకి వెళ్ళింది. చిల్లుల అడుగు ఎక్కడ దొరుకుతుందా అని నేను ఆలోచిస్తుంటే, అన్నయ్య వంటింట్లోంచి ఇడ్లీ ప్లేట్లు తెచ్చి డబ్బా అడుగున బోర్లించేశాడు. "ఇంతకన్నా మంచి చిల్లులు ఏ ఫ్యాక్టరీలో చేస్తార్రా?"

ఇక బార్లీ. కొట్టతను "పగలగొట్టి ఇవ్వమంటారా?" అని అడిగితే "మా ఇంట్లో గ్రైండరుంది" అని దర్జాగా చెప్పొచ్చాను. రుబ్బడం గురించి మనకొకరు చెప్పాలా? వదిన గ్రైండరు ఇండియా నుంచి చీరల మధ్య చుట్టుకుని వచ్చింది. దాని రాళ్ళ బరువు కోసం అన్నయ్య చొక్కాలు అక్కడే ఉండిపోయాయి. మినప్పప్పు లాగే బార్లీని రాత్రి నానబోసి, పొద్దున్నే గ్రైండర్లో వేశాం. అన్నయ్య మధ్యమధ్య పిండిని వేళ్ళ మధ్య నలిపి చూసి, "ఇంకా పలుకుందిరా, తిరగనీ" అంటూ వెన్నలా అయ్యేదాకా వదల్లేదు. ఆ పిండిని ఇడ్లీ ప్లేట్ల మీద పోసి, వేడినీళ్ళు కలిపి, మూత పెట్టి గంటసేపు కూర్చున్నాం.

కుళాయి తిప్పితే ఒక్క బొట్టు రాలింది. మళ్ళీ తిప్పితే అదీ లేదు. డబ్బాని ఊపాం, తట్టాం. అన్నయ్య నేలమీద పడుకుని కుళాయికి నోరు పెట్టి ఊదాడు. లోపల బుడుక్కుమంది, అంతే. సరిగ్గా అప్పుడే బయట గడ్డం బాస్ కారు ఆగింది. వెనకాలే వదిన కారు.

ఇంటికొచ్చిన మనిషిని చూశాక వదినకి ఇంకేం కనపడదు. "నమస్తే అండీ, కూర్చోండి, ఇడ్లీ పెడతాను" అంటూ లోపలికెళ్ళింది. కాసేపటికి "ఏవండీ, ఇడ్లీ ప్లేట్లేవీ?" అని వినపడింది. అన్నయ్య పైకప్పు చూశాడు. "గ్రైండర్లో ఈ వాసనేంటి?" అని రెండో కేక.

"బార్లీ వదినా, జ్వరమొస్తే తాగుతామే, ఆ బార్లీయే" అన్నాను.

"ఎవరికి నాయనా జ్వరం? నీకా, మీ అన్నయ్యకా?"

ఈలోగా గడ్డం బాస్ మూత తీసి వేలు ముంచి చూశాడు. ముందు పెదవి బిగబట్టాడు, తర్వాత ఇక ఆగలేక డబ్బా పక్కనే కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. బార్లీని పగలగొట్టాలే గాని రుబ్బకూడదట. పొట్టు నిలవాలట, ఆ పొట్టే వడపోతట. నేను సిగ్గుతో చితికిపోయాను. ఇక ఈయన కారెక్కేస్తాడు, సోమవారం ఆఫీసంతా నవ్వుతుంది, మళ్ళీ నన్నెవరూ పిలవరు అనుకున్నాను.

ఆయన చొక్కా చేతులు మడిచి "పెద్ద పల్చటి గుడ్డేమైనా ఉందా?" అన్నాడు. అన్నయ్య పరిగెత్తుకెళ్ళి పెళ్ళిలో అత్తవారు పెట్టిన పంచె పట్టుకొచ్చాడు. "అయ్యో, అది మా నాన్న పెట్టింది!" అని వదిన అరిచేలోపే పిండంతా అందులో పడిపోయింది. ఆ కొస ఆయనా ఈ కొస నేనూ పట్టుకుని మెలితిప్పుతుంటే, అన్నయ్య కింద బకెట్ పెట్టాడు. అది బొట్టు బొట్టుగా దిగుతోంది. వదిలితే మళ్ళీ మొదటికే. మధ్యాహ్నమంతా అలాగే నిలబడ్డాం.

ప్లేట్లు పోయినా వదిన ఓడిపోలేదు. ఆ ఇడ్లీ పిండే మూకుడులో మందంగా పోసి దిబ్బరొట్టె కాల్చి, అల్లప్పచ్చడితో తెచ్చింది. ఆయన రెండు చేతులూ పంచెకే అంకితం. "చూస్తారేంటండీ, తుంచి నోట్లో పెట్టండి" అని అన్నయ్యని కసిరింది. అన్నయ్య పెడుతుంటే ఆయన కారానికి ముక్కు ఎగబీలుస్తూ, గడ్డానికి పచ్చడి పూసుకుంటూ, ఇంకా కావాలన్నాడు.

అప్పుడే మాటల్లో చెప్పాడు. కూతురు డునెడిన్ వెళ్ళిపోయాక ఇంట్లో ఆయనొక్కడేనట. "బీరు కాస్తే తాగేవాళ్ళు లేరు, అందుకే ఆఫీసుకి మోసుకొస్తాను. నిన్ను పలకరిద్దామనుకుంటూనే ఉన్నాను. నువ్వేమో ఎప్పుడూ దూరంగా నిలబడతావు, మేమంటే ఇష్టం లేదేమో అనుకున్నా" అన్నాడు. నేను పంచె కొస ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

ఆ బీరు అచ్చం కుడితిలా తయారైంది. నేను ఒక గుక్క తాగి మొహం చిట్లించాను, ఆయన మిగతాదంతా తాగాడు. వదిన గ్రైండరు కడుక్కుంటూ వారం రోజులు మమ్మల్ని తిడుతూనే, "ఆ గడ్డం ఆయన మళ్ళీ ఎప్పుడొస్తాడు?" అని అడిగేది. వచ్చాడు, చాలాసార్లు వచ్చాడు, రిటైరై కూతురి దగ్గరికి వెళ్ళిపోయేదాకా.

ఇప్పుడు నా ఇంట్లో నాకు స్టీలు మాష్ టన్ ఉంది, బార్లీ పగలగొట్టే మర ఉంది. రసం అద్దంలా తేటగా, చెప్పిన వేళకి దిగుతుంది. ఎవరి సాయమూ అక్కర్లేదు, ఒక్కణ్ణే చేసుకుంటాను. అలా కుళాయి ముందు ఒక్కణ్ణే కూర్చున్నప్పుడు, పని చెడిపోయిందని ఏడుపు మొహం పెట్టిన ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. వెర్రినాగన్న! ఆ రోజు అంతా సవ్యంగా జరిగి ఉంటే, ఆయన కుళాయి చూసి, భుజం తట్టి, పావుగంటలో వెళ్ళిపోయి ఉండేవాడు.